అరచేతమ్మ పటం

పూర్వం ఈ కోనకు పేరు లేదు. తూర్పుకొండల వరుసలో రెండు గుట్టల నడుమ చిలకవంక అనే సన్నని యేరు బండ మీది నుంచి జారి మడుగు కట్టే చోటు ఇది. మడుగుకు పైన గుహలాంటి ఒక గవి, ఆ గవి లోపలి గోడకు పసుపు పూసి కుంకుమ పెట్టిన బొట్టు ఒకటి. చుట్టుపక్కల పల్లెల వారికి దేవత అంటే అంతే. కోనలో ఉంది గనుక కోనమ్మ అన్నారు. ఆమెకు ముఖం లేదు, చేతులు లేవు. మొక్కుకోవడానికి వచ్చినవారు ఎవరి మనసులోని తల్లిని వారు ఆ గోడ మీద చూసుకొని తిరిగిపోయేవారు. నేడు అదే గవిలో అరచేతమ్మగా పూజలందుకొంటున్న తల్లికి రూపం ఏర్పడిన విధమూ, ఆ రూపానికి గుండెల మీద ఎర్రని అరచేయి వచ్చిన విధమూ ఇక్కడి పెద్దలు చెప్పుకొనే తీరులోనే ఇక్కడ చెప్పడమైనది.

ఆ కాలంలో ఈ సీమను కొత్తమిట్ట పాలెగాళ్ళు ఏలుతుండేవారు. అప్పటి పాలెగాని తల్లి ఓబమాంబ. కొడుకు ఇంకా పసివాడుగా ఉన్నప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోసి, కనురెప్పల మీద కూడా పొక్కులు లేచి, వైద్యులు చేతులు ముడుచుకొన్నారట. ఓబమాంబ బిడ్డను చంకన వేసుకొని కోనకు నడిచి వచ్చి, గవి ముందర పడుకోబెట్టి, "నా బిడ్డ ముఖం నాకు దక్కించు తల్లీ, నీకు నేను ముఖం చేయిస్తా" అని మొక్కుకొన్నది. బిడ్డ బతికాడు, పెరిగాడు, గద్దె ఎక్కాడు. మొక్కు మాత్రం మిగిలిపోయింది. రాతి విగ్రహం చేయించడానికి శిల్పులను పిలిపించారు గాని, వారు కోన దారిని కాలినడకన చూసి వచ్చి, అంత బరువును ఆ బండల మీదుగా చేర్చడం సాధ్యం కాదని చెప్పి వెళ్ళిపోయారు. దేవి రాతిరూపాన్ని నిరాకరించిందని భక్తులు చెబుతారు. దారి చూసినవారికి శిల్పుల మాట కూడా నిజమే అనిపిస్తుంది. చివరికి ఆ పని వంకకు దిగువనున్న రాతపల్లెలో, గుడ్డ మీద దేవతల కథలు రాసే మునికన్నయ్యకు వచ్చింది.

మునికన్నయ్య తండ్రి తాతలనాటి నుంచి కలంపనివాడు. అతని భార్య కుప్పాయి. ముందు పుట్టిన పిల్లలెవరూ నిలవకపోతే, ఈ బిడ్డనైనా మృత్యువు చూడకూడదని తల్లి ఆమెను పుట్టగానే పెంటకుప్ప మీద పెట్టి తీసిందట, అందువల్ల ఆ పేరు. ఆమె నిలిచింది గాని ఆమె కడుపున పుట్టినవారూ నిలవలేదు. భార్యాభర్తలిద్దరికీ ఇక మిగిలింది పని. ఆ పనిలో ఎవరి భాగం వారిది: నలుపు మునికన్నయ్యది, ఎరుపు కుప్పాయిది.

ఈ కళలో ఎరుపు వచ్చే పద్ధతి తెలిస్తే తప్ప తర్వాత జరిగినది అర్థం కాదు. ముందు గుడ్డను బర్రెపాలలో కరక్కాయ పిండి కలిపి అందులో నానబెట్టి ఆరవేస్తారు. బెల్లం నీళ్ళలో ఇనుపముక్కలు పులియబెట్టగా వచ్చే కసిమి అనే ద్రవంతో దాని మీద గీత గీస్తే, కరక్కాయ పట్టిన గుడ్డ గనుక ఆ గీత వెంటనే నల్లబడి శాశ్వతంగా నిలుస్తుంది. ఎరుపును మాత్రం ఎవరూ నేరుగా పూయరు. ఎక్కడెక్కడ ఎరుపు కావాలో అక్కడక్కడ పటికనీళ్ళు పూస్తారు. పటికనీళ్ళకు రంగు లేదు. ఆరిపోతే పూసిన జాడ కూడా ఉండదు. ఆ తర్వాత గుడ్డనంతటినీ ఎర్రరంగు దిగే చిరివేరు వేసిన బానలో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టుకొంటుంది, తక్కినదంతా పారే నీటిలో జాడించి ఎండలో వేస్తే తెల్లబడుతుంది. అంటే ఎరుపు పనివారు తాము రాసినదాన్ని తాము చూడకుండా రాయాలి. తప్పు చేసినా అది బాన పొయ్యెక్కేదాకా బయటపడదు.

"గాలికి రంగు వేస్తా ఉండావు గదే," అని మునికన్నయ్య ఆమెను ఆటపట్టించేవాడు.

"నీ గీతలు దారిన పొయ్యేవాళ్ళు కూడా చూస్తారు మామా. నా పని చూడాలంటే పుణ్యముండాల, పొయ్యిలో కట్టెలుండాల," అనేది కుప్పాయి తల ఎత్తకుండానే.

తక్కిన ఇళ్ళలో ఆడవారు పటికలో గుర్తు కోసం చిటికెడు ఎర్రమన్ను కలుపుకొనేవారు. మన్ను కలిస్తే ఎరుపు మొద్దుబారుతుందని కుప్పాయి ఒప్పుకొనేది కాదు. పొద్దుటి ఏటవాలు ఎండలో గుడ్డకు చెంప ఆనించినంతగా వంగి, తడి మెరుపును బట్టి ఎంతవరకు పూసిందో చూసుకొనేది. కుడిచేతిలో కలం, ఎడమచేతిలో పటికగిన్నె. ఆ గిన్నె అంచు ఎప్పుడూ కారుతుండేది గనుక ఎడమ అరచేయి ఎప్పుడూ తడిగానే ఉండేది. ఆ చెయ్యి గుడ్డకు తగలకుండా గాలిలో నిలిపి గంటల తరబడి పనిచేయడం ఆమెకు మాత్రమే చేతనైన విద్య. మరిది చినమునెయ్య ఒకసారి పటిక తడిచేత్తో ఆరవేసిన గుడ్డ అంచు సర్దబోతే, "చెయ్యి తీస్తావా, తెగ్గొట్టమంటావా?" అని కేకవేసింది. "వదినా, నా చెయ్యి తెగ్గొడితే బాన ఎవురు మోస్తారు?" అన్నాడు చినమునెయ్య. "అందుకే ఒకటి మిగలనిస్తా," అన్నది. ఆమె పూసిన గుడ్డల్లో ఉండకూడని చోట ఒక్క ఎర్రచుక్క ఉన్నదని ఆ పల్లెలో ఎవరూ ఎన్నడూ అనలేదు.

కోనమ్మ పటానికి గుడ్డ పెద్దది. పరిస్తే ఇంటి నడవ నిండిపోయేది. మునికన్నయ్య నల్లగీత పూర్తి చేశాడు: నాలుగు చేతుల తల్లి పద్మాసనంలో కూర్చుని ఉంటుంది. చీరా, వెనుకనున్న ఆకాశమూ ఎరుపు. ముఖమూ, మెడ నుంచి నడుము దాకా మేనూ పసుపు పచ్చన, అది అన్నిటికన్నా చివర పెట్టే రంగు. వానలు వెనకబట్టిన రోజుల్లో కుప్పాయి పటిక మొదలుపెట్టింది. ఆ యేడు పల్లెలో చలిజ్వరాలు విపరీతం. ఆమెకూ పట్టుకొంది. దుప్పటి కప్పుకొని గుడ్డ మీద కూర్చున్నది.

"లెయ్యే, రేపు చేద్దువు. దొరసానమ్మ ఏమన్నా తరుముతా ఉండాదా?"

"కుచ్చిళ్ళు మిగిలినాయి మామా. ఎండ పోతే తడి కనపడదు. నువ్వు పోయి ఆ కసిమి కుండ కలుపు, వాసనొస్తా ఉండాది."

అతను పెరట్లోకి పోయి కుండ కలిపి వచ్చేసరికి ఆమె లేచి గోడకు ఆనుకొని నిలబడి ఉంది. పని అయిపోయిందన్నది. ఆ సాయంత్రం పడుకొన్న మనిషి మళ్ళీ గుడ్డ దగ్గరికి రాలేదు. జ్వరం వస్తూ పోతూ, చివరికి ఆమెను తీసుకొనే పోయింది. మునికన్నయ్య ఆ గుడ్డను మడిచి వేపాకు వేసి పెట్టెలో పెట్టాడు. దానిలో ఉన్నది అతని కంటికి తన నల్లగీత మాత్రమే. ఆమె పని దానిలోనే ఉంది, కాని కనబడదు. ఆ యేడు చలికాలమంతా అతను ఆ పెట్టె తెరవలేదు. పొద్దుటి ఎండ నడవలోకి ఏటవాలుగా పడే వేళకు మాత్రం, పని ఉన్నా లేకపోయినా, వచ్చి అక్కడ కూర్చొనేవాడు.

జాతర దగ్గరపడింది. పాలెగాని తరఫున దేవస్థానాల వ్యవహారం చూసే పారుపత్తెదారు అనంతయ్య రెండుసార్లు మనిషిని పంపి, మూడోసారి తానే రాతపల్లెకు బయలుదేరాడన్న కబురు వచ్చింది. అప్పుడు అన్నదమ్ములిద్దరూ వంక ఒడ్డున ఇసుకలో పొయ్యి తవ్వి రాగిబాన ఎక్కించారు. చిరివేరు నీళ్ళు మరుగుతుంటే గుడ్డను వెదురుగడతో అటూ ఇటూ తిప్పుతూ, అన్న మనసు తేలికపరచడానికి చినమునెయ్య ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు.

"వదిన యాడన్నా మరిచిపోయి ఉంటే ఇప్పుడు దొరికిపోతాది. బతికుండంగా ఒక్క తప్పు చూడనీలేదు మనల్ని."

నల్లగీతల మధ్య మొదట పలచని గులాబి, తర్వాత మందారపు వన్నె, తర్వాత చిక్కని చెంగావి మెల్లగా పైకి వచ్చాయి. ఆకాశం వచ్చింది. చీర వచ్చింది. జ్వరంతో వణికే చేతితో నింపిన కుచ్చిళ్ళు కూడా అంచు దాటకుండా వచ్చాయి. గుడ్డను మడుగులో జాడించి ఇసుక మీద పరిచారు. పసుపు పచ్చన ఉండవలసిన తల్లి గుండెల మీద, నట్టనడుమ, ఒక అరచేయి ఎర్రగా అచ్చు పడి ఉంది. వేళ్ళు పైకి, అమ్మవారి ముఖం వైపు, బొటనవేలు కుడిపక్కకు. అంటే ఎడమచెయ్యి. చిటికెనవేలు తక్కిన వేళ్ళతో కలవకుండా దూరంగా విడిపోయి ఉంది.

మునికన్నయ్య ఆ చిటికెనవేలిని చూసి గుర్తుపట్టాడు. చిన్నప్పుడు కాలిన ఆ వేలు ఆమెకు తక్కిన వాటితో ఎన్నడూ కలిసేది కాదు. ఆఖరి రోజున లేవబోతూ ఒళ్ళు తూలి చెయ్యి ఆనించిందా? లేక ఆరిపోయే ఆ తడిని తెలిసే అక్కడ ఉంచిపోయిందా? ఆమె పెట్టినప్పుడు అతను పెరట్లో కుండ కలుపుతున్నాడు. ఆ కుండ దగ్గరికి పంపినది ఆమే.

అనంతయ్య వచ్చి చూశాడు. అతను దుర్మార్గుడు కాడు, శాస్త్రం తెలిసినవాడు, తన మీద పెట్టిన పని తప్పు లేకుండా జరగాలని కోరుకొనేవాడు.

"ఏమిరా మునికన్నా, ఇదేమిటి? అమ్మవారి ఎద మీద మనిషి చెయ్యా? అందులోనూ ఎడమచెయ్యి! చెరిపెయ్యి."

"చెరగదు సామీ. ఉడికిన రంగు."

"అయితే కొత్తది రాయి."

"జాతరలోపల కాదు సామీ. కాలమున్నా, పటిక పెట్టే మనిషి లేదు."

దోషమున్న పటాన్ని ప్రతిష్ఠించకూడదు, దాచుకోనూ కూడదు. అగ్నికి ఇవ్వాలి. అది విధి. అనంతయ్య ఆ మాట చెప్పి, కాస్త మెత్తబడి, "కాల్చడానికి నాకూ మనసొప్పదు. దాని మీద ఇంకేదైనా రాసి కప్పెయ్యి. ఎల్లుండి మనుషులు వస్తారు. కప్పి ఉంటే కోనకు పోతుంది. లేకపోతే ఇక్కడే నిప్పు పెడతారు," అని వెళ్ళిపోయాడు.

"దాంట్లో ఏముంది అనా," అన్నాడు చినమునెయ్య. "నల్లకలువల దండ ఒకటి మెడ నుంచి కిందికి దించు. చెయ్యి దండ కింద పోతుంది. పటం మిగులుతుంది. వదిన పెట్టిన ఎరుపంతా మిగులుతుంది. ఒక్క చెయ్యి కోసరం అంతా కాల్చుకుంటావా?"

అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఒక చెయ్యి, దానికెదురుగా ఆమె చేసిన చివరి పని అంతా. మునికన్నయ్య మరునాడు పొద్దున నడవలో గుడ్డ పరిచి, కసిమి గిన్నె దగ్గర పెట్టుకొని కూర్చున్నాడు. మణికట్టు దగ్గర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క కలువే రాసుకొంటూ పోయాడు. ఎరుపు మీద పడినందువల్ల కసిమి చిక్కగా నల్లగానే కనిపించింది. అరచేయి పోయింది, బొటనవేలు పోయింది. చిటికెనవేలు ఒక్కటీ మిగిలినప్పుడు అతను కలం కింద పెట్టి మంచినీళ్ళు తాగి వచ్చాడు. వచ్చి అదీ కప్పాడు. చివరగా ముఖానికీ మేనుకూ పసుపు పెట్టాడు. అనంతయ్య మనుషులు పటాన్ని చూసి, చుట్టి, మోసుకుపోయారు.

జాతరనాడు కోన జనంతో నిండింది. గవి ముందర రెండు వెదురుగడల నడుమ పటం కట్టారు. అంతవరకు బొట్టుగా మాత్రమే ఉన్న తల్లి మొదటిసారి ముఖంతో తమను చూస్తుంటే ముసలివారు కొందరు మొక్కడం కూడా మరిచి నిలబడ్డారు. రాసిన పటాలకు నేరుగా అభిషేకం చేయరు. ఎదురుగా అద్దం పెట్టి, అద్దంలోని ప్రతిబింబానికి నీళ్ళు పోస్తారు. అనంతయ్య ఆ ప్రకారమే అద్దం తెప్పించి పెట్టాడు. పాలెగాడైన కొడుకుతో కలిసి వచ్చి పల్లకీ దిగిన ఓబమాంబ ఆ అద్దాన్ని చూసింది.

"ఏమయ్యా అనంతయ్యా, అద్దానికి నీళ్ళు పోస్తే అమ్మ తడుస్తుందా?"

"పటానికి దర్పణస్నానమే విధి అమ్మగారూ. గుడ్డ తడిస్తే రంగులకు మంచిది కాదు."

"నా కొడుక్కు జ్వరం దిగినప్పుడు ఈ మడుగు నీళ్ళు తల మీదనే పోసినాను. వాని నీడ మీద పోయలేదు."

జనంలో నవ్వులు లేచాయి. ఆడవారంతా అమ్మను మడుగులోనే స్నానమాడించాలన్నారు. ఓబమాంబ పక్కకు తిరిగి, గుంపు వెనుక నిలబడిన మునికన్నయ్యను చేత్తో పిలిచింది.

"ఏమబ్బా, రాసినోడివి నువ్వు చెప్పు. నీళ్ళలో ముంచితే నీ రంగు పోతుందా?"

ఆ క్షణంలో అతనికి తెలిసింది, లేదా తనకు తెలుసునన్న సంగతి ఒప్పుకోవలసి వచ్చింది. చిరివేరులో ఉడికి, వంకలో జాడించిన గుడ్డలో పాలూ కరక్కాయా మిగలవు. దాని మీద మళ్ళీ నలుపు రాయాలంటే మళ్ళీ నానబెట్టి ఆరవేయాలి. అతను అది చేయలేదు. కరక్కాయ లేని గుడ్డ మీద కసిమి పైపైననే ఉంటుంది. నీళ్ళు తగిలితే పోతుంది. తమ ఇంట్లో పని నేర్చుకొనేవారు మొదటి రోజున నేర్చుకొనే సంగతి అది. పోతుందని ఒక్క మాట అంటే చాలు, అద్దానికి నీళ్ళు పోస్తారు, పటం గవిలోకి పోతుంది, దండ దండగానే ఉంటుంది, ఏ నిప్పూ ఉండదు. పోదని అంటే దండ పోతుంది, చెయ్యి బయటపడుతుంది, ఆ తర్వాత పటం ఏమవుతుందో, తాను ఏమవుతాడో అనంతయ్య ముఖంలో అప్పుడే రాసి ఉంది.

చినమునెయ్య వెనుక నుంచి అతని పైపంచ పట్టి లాగాడు.

"ఉడికిన రంగు ఏ నీళ్ళకూ పోదు తల్లీ," అన్నాడు మునికన్నయ్య.

ముత్తయిదువలు నాలుగు అంచులూ పట్టుకొని పటాన్ని మడుగులోకి దించారు. మొదట ఏమీ కాలేదు. తర్వాత అమ్మవారి గుండెల దగ్గర నుంచి నల్లని నీరు పోగులు పోగులుగా విడిపోయి ప్రవాహంలో కిందికి సాగింది. "రంగు కరుగుతోంది, పైకెత్తండి!" అని అనంతయ్య అరిచాడు. పైకెత్తారు. కలువలు లేవు. తడిసి మరింత ఎర్రనైన అరచేయి ఒకటి తల్లి గుండెల మీద నిలిచి ఉంది. డప్పు కొడుతున్నవాని చేతులు ఆగిపోయాయి. ఒక ముసలామె "అమ్మ చెయ్యే! అమ్మ చెయ్యి చూపిస్తా ఉంది!" అని నీళ్ళలోనే సాగిలపడింది. ఆ మాట ఒడ్డు వెంట గుట్ట దాకా పాకిపోయి, జనమంతా చేతులు మోడ్చారు.

అనంతయ్య కోపంతో, ఇది దేవి మహిమ కాదనీ, ఈ మచ్చ తాను ముందే చూశాననీ, కప్పమంటే వీడు కంటికి కప్పి కోనకు పంపాడనీ, ఇది ఎవరో మనిషి ఎడమచెయ్యి అనీ గట్టిగా చెప్పాడు. ఓబమాంబ నీళ్ళ అంచు దాకా నడిచి వచ్చి చాలాసేపు చూసింది.

"ఎవరి చెయ్యిరా ఇది?"

"మా ఇంటిదాని చెయ్యి తల్లీ. ఎరుపంతా అదే పెట్టింది."

"ఏదీ, పిలువు."

"లేదు తల్లీ. బాన పొయ్యెక్కేదానికి ముందే పోయింది."

అనంతయ్య గొంతు తగ్గించి, "ఏది ఏమైనా ఎడమచెయ్యి అమ్మగారూ. దేవత మీద అది..." అంటుండగానే ఆమె అతనివైపు తిరిగింది.

"నిన్ను మీ అమ్మ ఏ చేత్తో చంకన మోసింది అనంతయ్యా? కుడిచేత్తో పని చేసుకుంటూ నన్ను మా అమ్మ ఎడమచేత్తోనే మోసింది. వీణ్ని ఇక్కడికి నేను ఎడమచేత్తోనే మోసుకొచ్చినాను." అని పక్కనున్న కొడుకును చూపించింది. తర్వాత మునికన్నయ్యను చూసి, "పిల్లలెందరు మీకు?" అని అడిగింది.

"లేరు తల్లీ. అది మోసింది పటికగిన్నె ఒక్కటే."

ఓబమాంబ వంగి, తన ఎడమచేతిని ఆ ఎర్రని చేతి మీద ఆనించి, వేళ్ళకు వేళ్ళు కలిపింది. చిటికెనవేలు కలవలేదు. అది కలవడానికి తన వేలిని కొంచెం దూరంగా జరిపి పెట్టుకొంది. లేచి, "కట్టండి," అన్నది. పటాన్ని తడిగానే గవిలో కట్టారు.

సాయంత్రం కొండ దిగుతూ చినమునెయ్య అడిగాడు. "అనా, నిజం చెప్పు. కరక్కాయ పట్టించడం మరిచిపోయినావా?"

మునికన్నయ్య కొంతదూరం నడిచాడు. "మీ వదిన మరిచిపోయి చెయ్యి ఆనించిందంటావా?"

ఇద్దరూ మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదని చెబుతారు.

ఆనాటి నుంచి తల్లికి అరచేతమ్మ అనీ, ఈ చోటుకు అరచేతమ్మ కోన అనీ పేరు స్థిరపడింది. మనుషులు వేసిన నలుపును దేవి తానే కడుక్కొన్నదని పూజారులు చెప్పే కథ. రాతపల్లెవారు దాన్ని కాదనరు, కరక్కాయ సంగతి కూడా దాచరు. ఇప్పుడు గవిలో ఉన్నది ఆ మొదటి పటమేనా, శిథిలమయ్యాక అచ్చంగా అలాగే రాయించినదా అన్న విషయంలో ఊళ్ళో ఏకాభిప్రాయం లేదు. పసుపు పూర్తిగా వెలిసిపోయింది, నీలం అసలు పెట్టారో లేదో చెప్పలేము. ముఖంలో నల్లగీత అక్కడక్కడ తెగింది. చెయ్యి మాత్రం దీపం దగ్గరగా పెట్టకుండానే కనబడుతుంది. మునికన్నయ్య ఆ తర్వాత కూడా చాలాకాలం పటాలు రాశాడు. పటిక తానే పెట్టుకొనేవాడు, ఎర్రమన్ను కలుపుకొని.

మరుసటి జాతరకు ఆడవారు కొందరు తెల్లగుడ్డ తెచ్చి, తమ చేతులు కూడా అమ్మ దగ్గర ఉండేలా రాసిపెట్టమని అతన్ని అడిగారట. అతను రాయలేదు. పటికనీళ్ళ గిన్నె ముందర పెట్టి, ఎవరి చెయ్యి వారే పెట్టుకొమ్మన్నాడు. వారు పెట్టి, బాన ఎక్కించమని తొందరపడితే, "ఇప్పుడు కాదు, వచ్చే యేడు," అన్నాడు. ఎందుకో చెప్పలేదు, ఎవరూ అడిగినట్టూ లేదు.

నేటికీ అదే నడుస్తోంది. ప్రతి జాతరకూ కోనకు వచ్చిన ఆడవారు, ఈ మధ్యకాలంలో మగవారూ పిల్లలూ కూడా, ఎడమచేతిని పటికనీళ్ళలో ముంచి కొత్త తెల్లగుడ్డ మీద ఆనిస్తారు. తడి ఆరిపోగానే గుడ్డ మళ్ళీ తెల్లగా, ఏమీ లేనట్టు అయిపోతుంది. దాన్ని మడిచి గవిలో పటం కింద పెడతారు. కిందటేటి గుడ్డను తీసి వంక ఒడ్డున చిరివేరు బానలో వేస్తారు. ఉడికాక మడుగులో జాడించి బండ మీద పరిస్తే చేతులు ఒక్కొక్కటే ఎర్రగా తేలుతాయి. ఆ యేడాదిలో వెళ్ళిపోయినవారి చేతులు కూడా వాటి నడుమ ఉంటాయి. పేర్లు ఎక్కడా రాసి ఉండవు. అయినా ఆ ఇంటివారు వంగి వెతుక్కొంటూ పోయి, ఒకచోట ఆగి, ఆ చేతి మీద తమ చెయ్యి కాసేపు ఉంచి, వెనుకనున్నవారికి చోటిచ్చి పక్కకు జరుగుతారు.